బంతివాడి కాలు

"నువ్వు గెలిచేస్తావేమోనని భయంగా ఉందిరా సూరీ."

తల్లి మాటకు సూరిబాబు తలెత్తలేదు. పట్టకారుతో ప్లాస్టిక్ బొమ్మ అడుగున సన్నటి కాళ్లను సవరిస్తున్నాడు.

అరబ్బు దేశంలో, అల్ వర్సాన్‌లోని ఒక గోడౌన్‌లో అతను పెట్టెలు మోస్తాడు. తల్లి దేవి అక్కడే ఆఫీసు తుడుస్తుంది. మేనేజరును అందరూ ముదీర్ అంటారు. ఆదివారం వస్తే ఆయన గదిలో ఇనప బోర్డు పెడతారు. స్విచ్ వేస్తే బోర్డు వణుకుతుంది. దానిమీద అమెరికా ఫుట్‌బాల్ బొమ్మలు, కాళ్లు ఎటు వంగితే అటు, వాటంతటవే పాకుతాయి. చంకలో బంతి ఉన్న బొమ్మ అవతలి గీత దాటితే గెలుపు.

పోయిన నెల ముదీర్‌ను ఓడించిన మల్లేశ్‌ను మర్నాడే రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీకి పంపేశారు. ఈ ఆదివారం ముదీర్‌తో ఆడే వంతు సూరిబాబుది. అతనికి దుమ్ము పడదు. ఆయాసం.

"కావాలని ఓడిపోరా నాయనా."

"తెలిసిపోద్దమ్మా. అలా ఓడినోణ్ణి ఇంకా ఏడిపిస్తాడు. నా పని నన్ను చేసుకోనీ."

ఐదు బొమ్మల్ని బాణం మొనలా నిలబెట్టాడు. వాటి వెనక బంతివాడు. ముందువాళ్లు దారి చీలిస్తే వెనకవాడు సూటిగా దూసుకుపోవాలి. అంతా సర్ది టీ తాగడానికి వెళ్లాడు. ముదీర్ ఇంకా రాలేదు.

దేవి బంతివాణ్ణి తిరగేసింది. కళ్లజోడు లేదు. వేలితో తడిమి, ముందుకాలిని గోటితో ఎడమకు నొక్కింది. సూటిగా పోకపోతే చాలు. కొడుకు కాలే విరిచినట్టు సిగ్గుతో చచ్చిపోయింది.

ఆట మొదలైంది. బోర్డు గరగరలాడింది. ముందువాళ్లు దారి చీల్చారు. బంతివాడు దారం లాగినట్టు సూటిగా వెళ్లి గీత దాటాడు.

చూస్తున్నవాళ్లు చప్పట్లకు ఎత్తిన చేతులు దించేశారు.

ముదీర్ కుర్చీ వెనక్కి జరిపాడు. "బాగా ఆడావు. రేపు పొద్దున రాస్ అల్ ఖైమా బండెక్కు. ఖలాస్."

తల్లీకొడుకులు గేటు దాకా నడిచారు. అక్కడ దేవి ఆగింది. మొహం ఎత్తలేకపోయింది.

"నువ్వు ఓడిపోవాలని నేనే ఆ బొమ్మ కాలు వంచానురా. నువ్వెంత కష్టపడి సర్దుకున్నావో. నీకు ద్రోహం చేశాను. అదీ కలిసిరాలేదు."

సూరిబాబు తన చెప్పుల వంక చూశాడు. రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి.

"ఓడిపోదామనే నేను దాన్ని కుడికి వంచి పెడితే, నువ్వు సరిచేసేశావమ్మా."