ముగ్గురి ప్రయాణం

స్నేహితులిద్దరితో తిరుమల్ పట్టాయా రాలేదు. ఆ సంగతి కల్పలతకు తెలియకూడదు.

క్రిస్మస్ సెలవులకు ముగ్గురు స్నేహితులు థాయిలాండ్ వెళ్తున్నారని చిలకలగూడ గల్లీ అంతటికీ తెలుసు. తిరుమల్ సూట్‌కేసు సర్దింది భార్య కల్పలతే. ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించి చెయ్యి ఊపిందీ ఆమే.

బస్సు నాలుగు మలుపులు తిరిగాక తిరుమల్ సూట్‌కేసుతో సహా దిగిపోయాడు. నగరం ఆ చివర కాప్రాలో ఒకామె ఉంది. ఆ సెలవులు ఆమెకు.

"మా ఇంటామె అడిగితే మీ పక్కనే ఉన్ననని చెప్పుండ్రి రా" అన్నాడు నవ్వుతూ.

వేణుమాధవ్, సదాశివ చెప్పారు. రోజూ చెప్పారు. ఎప్పుడో గోవాలో ముగ్గురూ దిగిన ఫొటోలు పట్టాయావని ఆమెకు పంపారు. హోటల్ గదిలో దొర్లి దొర్లి నవ్వుకున్నారు.

చివర్లో నవ్వు ఆగిపోయింది. తిరుమల్ ఫోను ఎత్తడం మానేశాడు. తర్వాత స్విచాఫ్. కాప్రా ఆమె నంబరు ఇద్దరి దగ్గరా లేదు. కల్పలత కూడా రెండు రోజులుగా ఫోన్ చేయలేదు. అదొక్కటే అదృష్టమనుకున్నారు.

శంషాబాద్‌లో దిగి ఫోన్ ఆన్ చేయగానే కల్పలత కాల్.

"వేణన్నా, ఇంటికి పోకముందు మా ఇంటికి రాండ్రి. వంట చేసిన."

"చెల్లె, మస్తు అలిసిపోయినం, రేపు..."

"రాండ్రి." పెట్టేసింది.

ఇద్దరూ కారెక్కారు.

"పాస్‌పోర్టు పోయిందందాం" అన్నాడు సదాశివ. "ఎంబసీ చుట్టు తిరుగుతున్నడు, ఎల్లుండి వస్తడు. గంతే."

"గాడు నిజంగ యాడున్నడు రా?"

"యాడుంటడు? ఆమె ఒళ్ళె పండుకొని ఉంటడు. మనల్ని ఇర్కిచ్చిండు."

వేణుమాధవ్ మళ్ళీ తిరుమల్ నంబరు కొట్టాడు, స్విచాఫే. అతనికి తోడబుట్టినవాళ్ళు లేరు. కల్పలతే ఏటా రాఖీ కట్టేది. ఈ అబద్ధం బయటపడితే ఆ గడప మళ్ళీ తొక్కలేడు. ఆ భయం కింద ఇంకో భయం ఉంది. దానికి పేరు పెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఇంటి ముందు కడిగిన వాకిలి ఇంకా ఆరలేదు. గేటు దగ్గర చాలా చెప్పులున్నాయి.

"చుట్టాలొచ్చిండ్రు. తిని పండుకున్నరు" అంది కల్పలత. నుదుట ఎప్పటిలాగే పెద్ద బొట్టు. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

భర్త ఏడని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఉండబట్టలేక వేణుమాధవే పాస్‌పోర్టు కథ చెప్పాడు.

"అట్లనా" అంది. "కాళ్ళు కడుక్కోండ్రి."

కింద విస్తరాకులు వేసింది. మటన్, బోటి, చేపల పులుసు, గారెలు. అన్నీ కొంచెం చల్లారి ఉన్నాయి. తర్వాత లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి మధ్యలో పెట్టింది. మూత తీసిన సీసా. తిరుమల్ తాగే మందు.

ఆ ఇంట్లోకి మందు సీసా ఏనాడూ రాలేదు. ఒకసారి తిరుమల్ తెస్తే గోడవతలికి విసిరేసింది కల్పలత.

"ఏందిది చెల్లె?"

"తాగుండ్రి. ఆయనకు ఇష్టమే గద."

వేణుమాధవ్ సీసాను కొంచెం అవతలికి జరిపాడు. ఈమెకు తెలిసిపోయింది. ఎంతవరకు? కాప్రా ఆమె సంగతి కూడానా?

కల్పలత వాళ్ళెదురుగా కూర్చుంది.

"నీళ్ళంటే భయం ఉండె ఆయనకు. సముద్రంల దిగిండా?"

"దిగిండు" అన్నాడు సదాశివ. "మోకాళ్ళ దాక. ఆడికే మొత్తుకున్నడు."

"బీపీ గోలీలు ఏసుకున్నడా?"

"నేనే దగ్గరుండి ఏపిచ్చిన చెల్లె" అన్నాడు వేణుమాధవ్.

"మొన్న పొద్దుగూకినంక ఏం జేసిండు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొన్నే ఎందుకు?

"డాన్సు జేసిండు" అన్నాడు సదాశివ. అబద్ధం అలవాటయ్యాక వాడికి అడ్డు లేదు. "మమ్మల్ని సుత గుంజిండు. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళొచ్చినయి."

"నా ముచ్చట ఏమన్న తీసిండా?"

"తియ్యకుంట ఉంటడా? కల్పను సుత తీసుకొస్తె బాగుండు అన్నడు."

ఆమె పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుంది. గరిటె తీసుకుంది.

"ఇంకో గారె ఏసుకో వేణన్నా."

వేణుమాధవ్ గారెను తుంచి పక్కన పెట్టాడు. చెప్పేద్దామనుకున్నాడు. చెల్లె, వాడు మాతో రాలేదు, రెండు రోజులుగా వాడెక్కడున్నాడో మాకే తెలియదు, తప్పయింది. నోరు తెరిచాడు కూడా. సదాశివ మోకాలితో పొడిచాడు. నోరు మూసుకున్నాడు.

లోపలి గదిలో ఎవరో దగ్గారు. ఎవరో ముసలామె సన్నగా ఏదో అంటోంది. కల్పలత లేచి ఆ తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

ఏదో ఒకటి మాట్లాడాలి. మాట ఆగితే ప్రాణం ఆగేలా ఉంది వేణుమాధవ్‌కు. విస్తరి వైపు చూశాడు. నవ్వు తెచ్చుకున్నాడు.

"అన్నీ గానికి ఇష్టమైనయే వండినవ్ చెల్లె. జెర తీసి ఫ్రిజ్‌ల పెట్టు. ఎల్లుండి వస్తడు గద, తింటడు."

కల్పలత గరిటె కింద పెట్టింది. ఆ రోజు మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆయనకు పొద్దుగాలనే పెట్టినం అన్నా, కాకి ముట్టినంకనే మీకు వడ్డిస్తున్న."