మోగని ఎముకలు

అరిగిన ఎముక తీసి లోహపుది వేయించుకోవడం పళ్లు కట్టించుకున్నంత మామూలైపోయింది. కొలతలు ఆసుపత్రి ఇస్తుంది. పోత ఎక్కడ పోయించుకోవాలో ఇంటివాళ్లే చూసుకోవాలి.

నీలవేణి భర్తకు వేసిన తుంటి ఎముక మెట్లు దిగుతుండగా విరిగింది. వేసేముందు తనిఖీ యంత్రం దానికి నూటికి నూరు మార్కులేసింది. కొత్తది వేశాక మళ్లీ కోయాల్సొస్తే తట్టుకునే ఒళ్లు కాదు ఆయనది. అందుకే ఈసారి ఆమె గాజువాకలోని పోత కార్ఖానాలన్నీ తిరిగి, మార్కుల సంగతి వదిలేసి, తుక్కు ఎక్కడ వేస్తారని అడిగింది.

"మా దగ్గర తుక్కే ఉండదండి" అన్నారు అందరూ, గర్వంగా.

దాలమ్మ అనే యజమానురాలు మాత్రం ఆమెను పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ నడుమెత్తు కుప్పలో మోకాళ్లు, వెన్నుపూసలు మెరుస్తున్నాయి. ప్రతిదాని మీదా ఎవరిదో పేరు చెక్కి ఉంది.

"వీటికేమైంది?"

"మిషను బాగున్నాయనే అంది. సుత్తితో కొడితే సరిగ్గా మోగనేదమ్మా."

నీలవేణి కొలతలు అక్కడే ఇచ్చింది.

చెప్పిన రోజుకు వెళ్తే ఎముక సిద్ధంగా లేదు. కుప్ప పైన భర్త పేరున్న తుంటి ఎముకలు రెండు పక్కపక్కనే పడి ఉన్నాయి.

"మళ్లీ పోస్తన్నామమ్మా. రేపు రండి" అంది దాలమ్మ.

నీలవేణి చెప్పులు విడిచి గుమ్మంలో కూర్చుంది.

"మోగేదాకా ఉంటాను."