పర్మినెంట్

"సారూ, పర్మినెంట్ అంటే ఏంది?"

వార్డు గుమ్మంలోంచే అడుగుతూ వచ్చింది రాహేలు. చేతిలో టిఫిను గిన్నె ఇంకా కింద పెట్టనేలేదు. ఆమె భర్త ఇశ్రాయేలు కళ్లకు కట్టుతో, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫ్యాక్టరీలో కరిగిన ఇనుము చింది మొహాన పడ్డప్పటి నుంచీ అతను అన్నం సరిగా ముట్టలేదు. ఏళ్ల తరబడి క్యాజువల్ కూలీ. "ఇగ నన్నెవడు పనిల పెట్టుకుంటడు, నన్నిట్లనే పోనియ్యుండ్రి" అన్నదొక్కటే మాట.

పక్క మంచం మీద చెయ్యి విరిగి ఉన్న వైకుంఠం, ఉప్పుగూడలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పంతులు. మాట అర్థం అడిగితే ఆయనకు ప్రాణం లేచొస్తుంది.

"లాటిన్ నుంచొచ్చిందమ్మా. 'పర్' అంటే ఆసాంతం, 'మనేరే' అంటే ఉండిపోవుడు. చివరిదాంక పోకుండ ఉండేది పర్మినెంట్. ఎందుకు?"

"ఇన్నవానయ్యా!" రాహేలు భర్త భుజం కుదిపింది. "ఫ్యాక్టరీ సారొచ్చి డాక్టరుతోని వరండల మాట్లాడుతుండు. అంత ఇంగ్లీషే. నీ పేరు చెప్పి పర్మినెంట్, పర్మినెంట్ అన్నరు."

ఇశ్రాయేలు మెల్లగా ఇటు తిరిగాడు.

"నిజంగనా? యేసయ్య మీద ఒట్టేనా?"

"నన్నెందుకు, సారునడుగు."

"సారూ, అంటే ఇగ నన్ను తీసెయ్యరు గదా?"

వైకుంఠానికి అప్పుడు తట్టింది. డాక్టరు పర్మినెంట్ అన్నది కొలువును కాదు, ఆ కళ్లకు కమ్మిన చీకటిని.

"పోదు నాయనా, ఉంటది," అన్నాడు.

ఇశ్రాయేలు లేచి కూర్చున్నాడు. రాహేలు పప్పన్నం కలిపి పెడుతుంటే ముద్ద తర్వాత ముద్ద ఆబగా తిన్నాడు.

"కట్టిప్పంగనే డ్యూటీకి పోత," అన్నాడు నోటి నిండా అన్నంతో.

గిన్నె కడగడానికి రాహేలు నల్లా దగ్గరికి వెళ్లింది. వైకుంఠం వెనకే నడిచాడు. పాపం, ఈ పిచ్చితల్లికి ఎవరో ఒకరు చెప్పాలి.

"అమ్మా, నీకు తప్పు సమజైంది. డాక్టరన్నది నౌకరి ముచ్చట కాదు..."

రాహేలు నల్లా తిప్పింది. తలెత్తలేదు.

"కండ్ల సంగతి డాక్టరు నాకు తెలుగులనే చెప్పిండు సారూ."