ఇది పరీక్ష మాత్రమే

కియోహికో మీట నొక్కి పట్టుకున్నాడు. తుఫాను హెచ్చరికల రేడియో పెట్టె మీద పచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ముందు బ్యాటరీ, తర్వాత ఏరియల్, ఆఖరున స్పీకరు. తనలో ఏ లోపమూ లేదని తేల్చుకున్నాక పెట్టె గొంతు విప్పింది.

“ఇది పరీక్ష మాత్రమే. ఎవరూ కంగారు పడవద్దు. ఈ రోజు కూడా జాగ్రత్తగా ఉండండి.”

ఆడగొంతు. తేటగా, పక్కన కూర్చుని చెబుతున్నంత దగ్గరగా ఉంది. కియోహికో కళ్లు మూసుకుని విన్నాడు.

వంటింట్లో అతని భార్య మిసావో చేతిలోని గరిట మిసో సూప్ గిన్నెలో ఠంగున పడింది. ఆమె మెడకున్న మఫ్లరు సర్దుకుంటూ వచ్చి అతని వెనక నిలబడింది.

“అయిందా ఆవిడగారితో ముచ్చట?”

“ఏంటీ?” అన్నాడు కళ్లు తెరవకుండానే.

చూశావా, అనుకుంది మిసావో. తను పక్కన నిలబడి చెప్పినా రెండోసారి చెప్పాలి. ఆ గొంతైతే గోడ అవతలున్నా వినపడుతుంది ఈ మనిషికి.

“పొద్దున్నే దాన్నెందుకు నొక్కడం అంటున్నా.”

“తుఫాన్ల కాలం. పనిచేస్తోందో లేదో చూసుకోవద్దూ?”

“కొత్త పెట్టె వచ్చి గోడెక్కింది కదా. దాన్ని ఒక్కసారైనా నొక్కారా?”

“దానిదీ ఒక గొంతేనా! కంప్యూటరు చేత చెప్పించారు. సముద్రం పొంగుతోందని చెప్పినా ఆవలింతలొస్తాయి.”

మిసావోకి ఒళ్లు మండిపోయింది. ఆ గొంతు పిచ్చి ఇవాళ్టిది కాదు. పెళ్లికి ముందు కియోహికో మున్సిపాలిటీ ఆఫీసులో కరెంటు పనులు చేసేవాడు. ఇంటింటి పెట్టెలకీ హెచ్చరికలు వెళ్లేది అక్కణ్ణుంచే. ఆ గొంతు వినడం కోసం బాగున్న మైకుని కూడా విప్పి బాగుచేసేవాడని రేవులో చేపలమ్మే ఆడవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఒకప్పుడు మిసావో కూడా నవ్వేది. ఇప్పుడు ఆ మాటెత్తితే లేచి వచ్చేస్తుంది. పెళ్లాం కళ్లెదుట తిరుగుతుంటే మొగుడు పెట్టె ముందు కూర్చుని మురిసిపోతాడు. ఏ ఆడది సహిస్తుంది?

ఇవాళతో పీడ విరగడవుతుంది. పాత పెట్టెల్ని వెనక్కి తీసుకోవడానికి మున్సిపాలిటీ నుంచి మనిషి వస్తోంది. అయినా కడుపుమంట చల్లారలేదు. పెట్టె వెళ్లేలోగా ఇంకోసారి వింటాడు, తనకి తెలుసు. కియోహికో గడ్డం గీసుకోవడానికి లేచిన అదను చూసి పెట్టె అడుగు మూత తీసింది. బ్యాటరీలు లాగి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

అనుకున్నట్టే అతను వచ్చి మీట నొక్కాడు. ఒక్క దీపమూ వెలగలేదు. మళ్లీ నొక్కాడు. మొహం పాలిపోయింది. ఆ మొహం చూసి మిసావోకి సంతోషం వేయాల్సింది, ఇంకా కోపమొచ్చింది. నేను మంచాన పడ్డప్పుడు కూడా ఇంత దిగులు పడ్డాడా, అనుకుంది.

“లోపలికి రావచ్చాండీ?”

గుమ్మంలో చెప్పులు విడిచి హమనాకా వచ్చింది. ఈ వసంతంలోనే వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని. మిసావో తెచ్చిన బార్లీ టీ తాగి పని మాట ఎత్తింది.

“పనిచేసే పెట్టెలే తీసుకెళ్తున్నామండీ. కొండమీది ఊళ్లకి పంపాలి. చెడిపోయినవి మీరే పారేసుకోండి.”

కియోహికో మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. “మాది చెడిపోయిందండీ! ఇప్పుడే నొక్కి చూశాను, ఉలుకూ పలుకూ లేదు.” పెట్టెని ఒళ్లోకి లాక్కున్నాడు. “ఉండనివ్వండి, ఓ మూల పడుంటుంది.”

మూగబోయినా సరే, ఇంట్లో ఉంటే చాలట! పైగా నిమురుతున్నాడు కూడా. మిసావో ఇక ఆగలేకపోయింది. జేబులోంచి బ్యాటరీలు తీసి, అతని ఒళ్లోంచి పెట్టె లాగి, హమనాకా దగ్గరికి తెచ్చి, వాటిని అందులో వేసి మీట నొక్కింది. పచ్చ దీపాలు వరసగా వెలిగాయి.

“ఇది పరీక్ష మాత్రమే. ఎవరూ కంగారు పడవద్దు...”

కియోహికో భార్య వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. తీసుకుపోనీ, నా పీడ వదలనీ అన్నట్టు నిలబడింది.

“అబ్బ, ఎంత బాగుందండీ!” అంది హమనాకా. “ఈ గొంతు చెబితే ఎవరైనా లేచి కొండ మీదికి పరిగెడతారు. ఎవరిదిది?”

మిసావో మొహం గంటు పెట్టుకుని గొణిగింది.

హమనాకా ముందుకు వంగింది. “ఏమన్నారండీ? వినపడలేదు.”

అవతలి మూల నుంచి కియోహికో అందుకున్నాడు. “‘ఆయన్నే అడగండి’ అంటోంది.”

మిసావో ఉలిక్కిపడింది. తను అన్నది అక్షరం పొల్లుపోకుండా అంత దూరం నుంచి ఎలా విన్నాడు?

కియోహికో లేచి పెట్టెని రెండు చేతులా ఎత్తి హమనాకాకి అందించాడు.

“తీసుకెళ్లండి. నాకు పొద్దున్నే ఈవిడ తిట్లు చాలు.”

“అయ్యో, అంత ఇష్టంగా దాచుకున్నారే! ఇంతకీ గొంతెవరిదో చెప్పనేలేదు.”

“ఈవిడదే, గొంతు ఆపరేషన్‌కి ముందు,” అన్నాడు కియోహికో.