లెక్కకు రాని ముద్దలు

“దిగకు. అక్కడే నిలబడు,” అంది భార్య.

క్రేన్ డ్రైవరు బరువు తూచే మెషీన్ మీద బిగుసుకుపోయాడు. ముల్లు పోయిన వారం కంటే ఇంకాస్త ఎక్కువకే ఒరిగింది.

“మెషీన్ పాడైందేమో.”

“నేనెక్కితే సరిగ్గానే చూపిస్తోందిగా? నీ ఒక్కడి మీదే దానికి పగా?”

వచ్చే సోమవారం ఫ్యాక్టరీలో మెడికల్. బరువు తగ్గకపోతే క్రేన్ మీంచి దింపేస్తామని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఎత్తులో కూర్చుని బరువులు లేపడం తప్ప అతనికి ఇంకో పని రాదు. ఈ వయసులో నేర్పే మహానుభావుడూ ఎవడూ లేడు.

ఇంట్లో తిండి ఆమె చేతిలోనే ఉంది. తంటా అంతా క్యాంటీన్ తిండితోనే. కొట్లో కొన్న డబ్బా మీదైతే ఎన్ని కేలరీలో అచ్చు వేసి ఉంటుంది. క్యాంటీన్ గంగాళం మీద ఏముంటుంది, మసి తప్ప? అందుకే ఆసుపత్రిలో తిండి సలహాలు చెప్పే అమ్మాయి ఓ కిటుకు నేర్పింది. పళ్లెం పక్కన చెంచా పెట్టి ఫొటో తీయాలి. చెంచాని బట్టి పళ్లెం ఎంతో తెలుస్తుంది. పిడికెడు అన్నానికి ఇన్ని, అరచేతంత మాంసానికి ఇన్ని అని కలుపుకుంటూ పోవాలి. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి ఫొటో వచ్చి పడుతోంది. ఆమె దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి, కూర అంచున మెరిసే నూనెని కూడా వదలకుండా లెక్క కడుతోంది. ఆ లెక్కన మొగుడు ఈపాటికి సగమైపోవాలి.

“ఫొటో తీశాక మారు వడ్డించుకుంటున్నావా?”

“నీ మీద ఒట్టు!”

“నా మీదెందుకు? నీ మీదే వేసుకో.”

“నా మీదా ఒట్టే! ఆ పళ్లెం తప్ప క్యాంటీన్‌లో ఇంకో మెతుకు ముట్టలేదు. అయినా నా పక్కన కూర్చునేది ఎవడు? మా హుక్కుగాడు. వాడు గుటక వేయడానికే ఆపసోపాలు పడతాడు. వాణ్ని చూస్తూ ఎవడు తింటాడే?”

హుక్కుగాడంటే క్రేన్ కింద నిలబడి కొక్కేనికి బరువులు తగిలించేవాడు. ఈయన పైన, అతను కింద. జోడీ.

మాట్లాడుతూనే డ్రైవరు కుడిచేతి బొటనవేలితో గడ్డం రుద్దుకున్నాడు. ఎప్పుడో గొలుసు పడి నలిగిన వేలు అది. గోరు సగమే మొలిచింది. అబద్ధమాడినప్పుడల్లా ఆ వేలు గడ్డం మీదికి పోతుందని అతనికి తెలియదు. ఆమెకి తెలుసు.

అతను స్నానానికి వెళ్లగానే చొక్కా తీసి చేతి అంచు వాసన చూసింది. వెల్లుల్లి. క్యాంటీన్ వంటవాడికి ఉడకేయడం తప్ప వేయించడం చేతకాదని రోజూ తిట్టిపోసేది ఈ మొగుడే. ఇది సన్న సెగ మీద, పక్కనే నిలబడి, మాడకుండా వేయించిన వెల్లుల్లి. ఎవరో మనసు పెట్టి చేసిన వంట. ఆడమనిషి వంట.

‘లెక్క తప్పలేదు. మొగుడే తప్పాడు,’ అనుకుంది.

మర్నాడు భోజనాల వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లింది.

“డ్రైవరు గారికేమైనా ఇవ్వాలా అమ్మా?” అన్నాడు గేటు కాపలావాడు. “క్యారియర్ ఇప్పుడే వెళ్లిందే క్రేన్ దగ్గరికి.”

“క్యారియరా? ఎవరు తెచ్చారు?”

“ఆవిడేనమ్మా, రోజూ తెచ్చే ఆవిడ...” అని నాలిక కరుచుకున్నాడు. అయినా సైకిళ్ల షెడ్డు వైపు వేలు చూపించడం మానలేదు. చూపించి, కుర్చీ కూడా అటే తిప్పుకున్నాడు. ఇల్లు ఎవరిదైతేనేం, మంట చూడ్డానికి బాగుంటుంది.

షెడ్డు నీడలో ఒకామె ఖాళీ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోన్ వైపు చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూసేసరికి డ్రైవరు భార్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవరికి తెచ్చావు క్యారియర్?”

ఆమె ఉలిక్కిపడి లేచింది. “మా ఆయనకండీ. క్రేన్ కింద హుక్కు తగిలిస్తాడు. అయ్యో, మీరు డ్రైవరు గారి ఇంట్లోవాళ్లు కదూ? కూర్చోండి వదినా!”

ఎక్కిన కోపం ఎలా దిగాలో తెలియక డ్రైవరు భార్య అలాగే కూలబడింది. “రోజూ వేడివేడిగా తెస్తావా?” అంది.

“ఏం చెయ్యను వదినా, ఆసుపత్రి లాండ్రీలో నాకు రాత్రి డ్యూటీ. నేను వెళ్లాక ఆయన వస్తాడు, నేను వచ్చేలోపు ఆయన వెళ్లిపోతాడు. సెలవు రోజున కూడా ఆయనది దుప్పటి ముసుగే. సరిగ్గా మొహాలు చూసుకుని ఎన్నాళ్లైందో! అందుకే కచ్చితంగా చెప్పేశాను, ముద్ద కలిపే చెయ్యి కనబడేలా ఫొటో పంపితేనే తిన్నట్టు అని.”

“పంపుతున్నాడా?”

“పంపకేం! క్యారియర్ కడిగినట్టు ఖాళీ. మొదట్లో ముద్ద దిగేది కాదు వదినా. గొంతులో గొట్టం వేసి చూడాలి, ఆలస్యం చేయొద్దని డాక్టరు ఒకటే భయపెట్టాడు. లక్షణంగా తింటున్నాడుగా, ఇంకా గొట్టాలెందుకని నేనే వద్దనేశాను.”

చేతిలో ఫోన్ టింగుమంది. ఆమె మొహం విప్పారింది.

“ఇదిగో, ఇవాళ్టిది! చూడండి, వేళ్లు కూడా ఎలా ఒళ్లు చేశాయో!”

డ్రైవరు భార్య వంగి చూసింది. నూనె మెరిసే కూరలో ఓ లావుపాటి చెయ్యి ముద్ద కలుపుతోంది. బొటనవేలికి గోరు సగమే ఉంది.