అంజూర పళ్ళ సాక్ష్యం

"హంతకుడెవరో ఇంకా తేల్చలేదమ్మా," అన్నాడు నొబుయుకి. "సాయంత్రంలోగా తేలుస్తారట. నేనే అయితే బాగుండును."

ఇసోకో చేతిలోని ఇనారి పెట్టె జారబోయింది. కొడుకు పనిచేసే చోటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదని పొద్దున్నే లేచి, వేయించిన టోఫు సంచుల్లో అన్నం కూరి ఇనారి చేసి తెచ్చింది. బియ్యప్పిండి బిళ్ళలైతే పని సులువే. కానీ గొంతులు రికార్డు చేసే చోట ఎవరైనా కరకరా నమిలితే ఆ పాపం తన కొడుక్కి చుట్టుకుంటుందని భయం.

"అవేం మాటలురా? పేరున్న వేషం రాకరాక వస్తే, శుభమా అని హత్య చేస్తావా?"

"వేషమేనమ్మా. నిజంగా చంపను."

"నీకేం తెలుసు. మన వీధిలో అందరూ నీ గొంతు ఎరుగుదురు. రేపు ఎక్కడ ఎవరు పోయినా పోలీసులు ముందు మన తలుపే కొడతారు."

నొబుయుకి నిట్టూర్చి, చంటిపిల్లకు చెప్పినట్టు మళ్ళీ చెప్పాడు. అది కోర్టు విచారణల మీద నడిచే వీడియో గేమ్. ఆడినవాళ్ళందరికీ హంతకుడు మందుల షాపతనని తెలుసు. ఇప్పుడు దాన్ని యానిమే, అంటే బొమ్మల సీరియల్‌గా తీస్తున్నారు. తెలిసిన హంతకుణ్ణే మళ్ళీ చూపిస్తే టీవీ ముందు ఎవరు కూర్చుంటారన్నది దర్శకుడు కుజే గారి బాధ. సరే, మార్చుకోండి అన్నారు గేమ్ వాళ్ళు. ఎవరన్నది మాత్రం ఇవాళే చెప్పాలన్నారు. నొబుయుకిది పియానోలు శ్రుతి చేసేవాడి వేషం. ఉత్త సాక్షి.

"సాక్షినైతే ఇవాళ్టితో సరి. హంతకుణ్ణయితే మూడు వారాలు బోనులో నేనే. ఆఖర్న గుండె పగిలేలా ఒక అరుపు ఉంటుంది. అది చాలు, జనం పేరు గుర్తుపెట్టుకుంటారు. లేకపోతే ఇంక నావల్ల కాదమ్మా. టైర్ల షాపులోకి వచ్చేస్తానని మామయ్యకు చెప్పేశాను."

టైర్లు పేలతాయి కూడానూ, అనుకుంది ఇసోకో.

రికార్డింగు మొదలైంది. ఆమె అద్దం ఇవతల బెంచీ మీద కూర్చుంది. తెర మీద బొమ్మలింకా తయారవలేదు, పెన్సిలు గీతలే కదులుతున్నాయి. నొబుయుకి చప్పుడు చేయని మెత్తటి చొక్కా వేసుకుని, స్క్రిప్టు కాగితం గరగరలాడకుండా తిప్పుతూ, ఆ గీతలకు ప్రాణం పోస్తున్నాడు. వాడి భాగం చూస్తుండగానే అయిపోయింది.

విరామంలో కుజే గారు నడవాలోకి వచ్చి ఆమె పెట్టెలోంచి ఒక ఇనారి నోట్లో వేసుకున్నారు. ఇసోకో లేచి నడుం వంచి దణ్ణం పెట్టింది.

"మావాడు చీమకైనా అపకారం చేయడు బాబూ," అంది, వచ్చిన పని అదేనన్నట్టు.

"అదే నా ఇబ్బంది అమ్మగారూ. గొంతులోనే మంచితనం ఉంది. హంతకుడంటే ఎవరూ నమ్మరు. అందుకే వదిలేద్దామనుకుంటున్నా."

ఆమె కోరుకున్నది అదే. కానీ అద్దం అవతల నొబుయుకి మైకు ముందు నుంచి కదలకుండా, ఆరిపోయిన తెరకేసి చూస్తున్నాడు. ఇంక ఇక్కడికి రానివాడు చూసే చూపు అది. ఇసోకో కుజే గారి వైపు తిరిగింది.

"మంచివాడా! పైకి అలా కనిపిస్తాడు లెండి. చిన్నప్పుడు పక్కింటి అంజూర పళ్ళన్నీ కోసేసి, కాకులు తిన్నాయని చెప్పాడు. కన్నతల్లిని, నాకు తెలియదా?"

పక్కింట్లో అంజూర చెట్టే లేదు.

కుజే గారు నమలడం ఆపారు. "అప్పుడు వయసెంత?"

"నాలుగు."

"నాలుగేళ్ళవాడికి కొమ్మలు ఎలా అందాయి?"

"నిచ్చెన వేశాడు."

"నాలుగేళ్ళవాడు నిచ్చెన మోశాడా?"

ఇసోకో చెమటలు తుడుచుకుంది. "నిచ్చెన... నేను వేశాను."

"మరి పట్టుకున్నదెవరు?"

"నేనే. పిల్లాడు పడిపోడూ?"

"కోసిన పళ్ళు?"

"నా ఏప్రన్‌లోనే పడ్డాయి. అయినా దొంగ వాడే బాబూ. రాసుకోండి. కావాలంటే ఎక్కడైనా ప్రమాణం చేస్తాను."

కుజే గారు ఆమెను కాసేపు కన్నార్పకుండా చూశారు. లోపలికి వెళ్ళి కథ రాసేవాళ్ళను పిలిచారు. తలుపు మూసుకుంది.

చెడగొట్టేశాను, అనుకుంది ఇసోకో. దర్శకుడికి అబద్ధం చెప్పినందుకు కొడుకును ఇంకే స్టూడియోలోకీ రానివ్వరు. టైర్ల షాపులోనూ ఈ సంగతి తెలిసిపోతుంది. ఇనారి పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మూత తీస్తూ వేస్తూ కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. ముందు నొబుయుకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి భుజం పట్టుకున్నాడు.

"మూడు వారాలూ మీవాడే," అన్నారు వెనకే వచ్చిన కుజే గారు. "బోనులో నిలబడి నేరం నాదే, నాదే అంటాడు. ఎంత అడ్డం తిప్పి అడిగినా ఆ మాటే. ఆఖరి అరుపు కూడా అతనిదే."

ఇసోకో ఊపిరి పీల్చుకుంది. పోలీసులు వస్తే రానీ, అనుకుంది. "అయితే హంతకుడు మావాడే కదా బాబూ?"

కుజే గారు పెట్టెలోంచి ఇంకో ఇనారి తీసుకున్నారు.

"కాదమ్మగారూ. వాళ్ళమ్మ."