ఈలకు జవాబు

ఒమన్ దేశంలోని సమాయిల్ కొండ మీద సంగీతకు అది ఆఖరి పరీక్ష. సాహస విద్యలో డిగ్రీ చేతికి రావాలంటే తెల్లవారేదాకా ఒంటరిగా, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఉండాలి.

"మనకున్నవి రెండే ఈలలు. నీకొకటి, నాకొకటి," అన్నాడు దస్తగిర్ సార్ సాయంత్రం. "గంటకోసారి నువ్వు ఒక ఈల ఊదు. కింద క్యాంపు నుంచి నేను రెండూదుతా. లేసొచ్చినావంటే డిగ్రీ గోవిందా!"

"మా నాయిన ఈ దేశంలనే ఇబ్రా ఊర్ల రాళ్లు మోస్తుండు సార్. నేను రాళ్ల మీద కూసోలేనా?" అని నవ్వింది సంగీత.

ఎనిమిదికి ఊదింది. రెండు ఈలలు బదులొచ్చాయి. తొమ్మిదికీ, పదికీ అంతే.

పదకొండు కావస్తుండగా బిస్కెట్ల కోసం సంచిలో చెయ్యి పెడితే చల్లగా ఏదో తగిలింది. టార్చి వేసి చూసింది. స్టీలు ఈల. దాని మీద సార్ పేరు చెక్కి ఉంది. సామాన్లు సర్దేటప్పుడు పొరపాటున తానే వేసుకుంది. తన ఈల మెడలోనే వేలాడుతోంది.

మరి ఇంతసేపూ బదులిచ్చిందెవరు? లేస్తే మూడేళ్ల చదువు పోతుంది.

పదకొండయింది. ఆమె ఊదలేదు.

వెనక బండ మీద నుంచి ఎవరో ఒకే ఒక్క ఈల ఊది, జవాబు కోసం ఆగారు.